వీధి బజార్లు ఎందుకు మారతాయి, ఎప్పుడు మారతాయి

మీరు పంపిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇళ్ల మధ్య ఉన్న ఒక బజారు వీధిలో పదేళ్లలో సగానికి పైగా దుకాణాలు మారిపోయాయి. పుస్తకాల షాపు, గడియారాలు బాగుచేసే కొట్టు, టైలరు, హార్డ్‌వేర్ షాపు పోయాయి. వాటి చోట మందుల షాపులు, మొబైల్ షాపులు, సెలూన్లు, జిమ్, కాఫీ షాపులు వచ్చాయి. ఇదంతా ఆన్‌లైన్ అమ్మకాల వల్లేనా? ఒక బజారు పెరుగుతోందో పడిపోతోందో ముందే కనిపెట్టవచ్చా? వాహనాలు ఆపేసి నడక వీధిగా మారిస్తే బాగుపడుతుందా?

దుకాణాల స్థలాలు, అద్దెలు, గిరాకీ సర్వేలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మొదటి ప్రశ్న మీదే ఎక్కువసేపు ఉంటాను. అది తేలితే మిగతా రెండూ సులువవుతాయి.

ఆన్‌లైన్ ఒక కారణమే, కాదనను. కానీ మీ జాబితాలో చాలావాటి కథ ఇంటర్నెట్ రాకముందే మొదలైంది. గడియారాల రిపేరు సంగతే చూడండి. 1969లో జపాన్‌కు చెందిన సీకో కంపెనీ బ్యాటరీతో నడిచే మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. తర్వాతి పదిహేను, ఇరవై ఏళ్లలో ఆ రకం గడియారాలు ఎంత చవకయ్యాయంటే, చెడిపోయినదాన్ని బాగుచేయించడం కంటే కొత్తది కొనుక్కోవడమే నయమనిపించింది. ఆ తర్వాత చేతిలోని ఫోనే టైమ్ చూపించసాగింది. అంటే ఆ కొట్టుకు గిరాకీ తగ్గడం 1980ల నాటి మాట. షట్టర్ పడింది మాత్రం నిన్న మొన్న. టైలరుకు రెడీమేడ్ బట్టలతోనూ, హార్డ్‌వేర్ కొట్టుకు ఊరి చివరి పెద్ద స్టోర్లతోనూ ఇలాగే జరిగింది. మరి మధ్యలో అన్నేళ్లు అవి ఎలా నిలబడ్డాయి? నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అది.

చాలా సందర్భాల్లో జవాబు అద్దెలో దొరుకుతుంది. ఆ మలిగె దుకాణదారు సొంతమై ఉంటుంది, లేదా ఎప్పుడో కుదుర్చుకున్న పాత అద్దె నడుస్తూ ఉంటుంది. సొంత మలిగెలో కూర్చున్నవాడు తనకు తాను అద్దె కట్టుకోడు. ఇదే మలిగెను ఇంకొకరికి ఇస్తే నెలకు ఎంత వస్తుందో లెక్క వేసుకోడు. వేసినా, "ఖాళీగా కూర్చుని ఏం చేస్తాను, నాలుగు మాటలు చెప్పుకుంటూ పొద్దు గడుస్తుంది" అనుకుంటాడు. ఆయన రిటైరయ్యేదాకా, లేదా ఆరోగ్యం సహకరించినంత కాలం ఆ కొట్టు ఉంటుంది. తర్వాత పిల్లలకు ఆ వ్యాపారం అక్కర్లేదు. వాళ్లు వేరే ఉద్యోగాల్లో ఉంటారు. వాటాలు పంచుకునే సమయం వస్తుంది. అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో నలుగురు కూర్చుంటే అందరికీ ఒప్పుదలయ్యే మార్గం ఒక్కటే: ఎవరు ఎక్కువ అద్దె ఇస్తే వాళ్లకు ఇవ్వడం. ఆ రోజున ముప్ఫై ఏళ్లుగా ఆగి ఉన్న మార్పు ఒక్క వారంలో జరిగిపోతుంది.

అందుకే బజారు మార్పును ఒకే వేగంతో నడిచేదిగా చూస్తే తప్పుదారి పడతాం. అక్కడ కనీసం మూడు వేగాలుంటాయి. జనం అలవాట్లు ఏడాది, రెండేళ్లలో మారతాయి. అద్దె ఒప్పందాలు మూడేళ్లకో అయిదేళ్లకో తొమ్మిదేళ్లకో తిరగరాస్తారు. కట్టడాలు యాభై, వంద ఏళ్లుంటాయి. అలవాటు మారిన రోజున దుకాణం మారదు. ఒప్పందం ముగిసిన రోజున మారుతుంది, లేదా యజమాని చేతులు మారిన రోజున మారుతుంది. ఒకే కాలంలో కట్టిన వీధి అయితే మొదటి తరం దుకాణదారులు దాదాపు ఒకే వయసువాళ్లు అయి ఉంటారు. వాళ్లంతా అయిదారేళ్ల తేడాలో తప్పుకుంటారు. మీ వీధిలో సగం దుకాణాలు పదేళ్లలోనే మారిపోవడానికి ఇది పెద్ద కారణం అయి ఉండవచ్చు. నిజానిజాలు తేల్చుకోవడం కష్టమేమీ కాదు. పోయిన దుకాణాల్లో ఎన్ని సొంత మలిగెలు, ఎన్ని అద్దెవి అని పక్క కొట్లలో అడగండి, ఇట్టే చెప్పేస్తారు.

ఇక ఖాళీ అయిన చోటికి ఎవరు వస్తారన్నది. ఇక్కడ మంచి చెడుల కంటే చదరపు అడుగుకు ఎవరెంత కట్టగలరన్న లెక్కే నడుస్తుంది. పుస్తకాల వ్యాపారంలో వెల అట్ట మీదే అచ్చై ఉంటుంది. అద్దె పెరిగిందని దుకాణదారు వెల పెంచలేడు. పైగా ఒక్కో పుస్తకం అల్మరాలో నెలల తరబడి చోటు తింటుంది. సూపర్‌మార్కెట్‌కు నికర లాభం సాధారణంగా అమ్మకాల్లో 1 నుంచి 3 శాతం మధ్యే ఉంటుంది. సరుకు వేగంగా తిరగడం వల్లే అది బతుకుతుంది, కాబట్టి దానికి పెద్ద చోటు కావాలి, అదీ తక్కువ అద్దెకు కావాలి. మందుల షాపు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. చిన్న డబ్బాల్లో ఎక్కువ విలువ, తిరిగి తిరిగి వచ్చే గిరాకీ, రేపటికి వాయిదా వేయలేని అవసరం. సెలూన్‌కు సరుకు నిల్వే పెద్దగా అక్కర్లేదు, అది అమ్మేది మనిషి చేతిపని. కాఫీ షాపు కూడా సగం కాఫీ అమ్మితే సగం కూర్చునే చోటు అమ్ముతుంది, ముడిసరుకు ఖర్చు తక్కువ. మొబైల్ షాపు గాజు బల్ల ఒక్కటి వేసుకుంటే చాలు. అందుకని మలిగె వేలానికి వచ్చిన ప్రతిసారీ ఈ నాలుగైదు రకాలే గెలుస్తాయి. ఏ దేశంలో చూసినా బజారు వీధులన్నీ ఒకేలా కనిపించడానికి కారణం ఇదే. అభిరుచులన్నీ ఒక్కటైపోయాయని కొందరు బాధపడతారు గానీ, ఒక్కటైంది అద్దె లెక్క.

ఆన్‌లైన్ చేసే పనిని ఈ లెక్కలోనే పెట్టి చూడాలి. పేరు, కొలత, మోడల్ నంబరు చెబితే సరిపోయే వస్తువులు, అంటే పుస్తకాలు, ఎలక్ట్రానిక్స్, బ్రాండెడ్ గృహోపకరణాలు ముందుగా తెర మీదికి వెళ్లిపోతాయి. మనిషి శరీరం అక్కడ ఉండి తీరాల్సినవి మిగులుతాయి: జుట్టు కత్తిరింపు, పళ్ల డాక్టరు, వ్యాయామం, కూర్చుని తినడం, కళ్లజోడు సరిచూసుకోవడం. తక్షణం కావాల్సినవీ మిగులుతాయి. కాబట్టి బజారు వస్తువుల నుంచి సేవల వైపు జరుగుతుంది. 2020లో కోవిడ్ వచ్చి ఈ జరుగుడును బాగా తొందరపెట్టింది. ఇందులో అంతగా కనిపించని మార్పు మరొకటుంది. ఇంటికి సరుకు చేర్చే కంపెనీలకు గిడ్డంగులు కావాలి. అవి ముఖ్య వీధిలో ఉండక్కర్లేదు, వెనక సందులో చాలు. బయటి నుంచి చూస్తే మూసిన షట్టర్, లోపల నిండా సరుకు. వ్యాపారం జరుగుతూనే ఉంటుంది, నడిచేవాడికి మాత్రం ఒక చచ్చిన గోడ ఎదురవుతుంది.

దుకాణాలు ఎక్కడ ఎందుకుంటాయనే దాని మీద పాత సిద్ధాంతాలు రెండు ఉన్నాయి. వాటిని అతిగా వాడేవాళ్లను చూశాను గానీ, తెలిసి ఉంటే మంచిదే. 1933లో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ చెప్పినది సూటిగా ఉంటుంది. ప్రతి వ్యాపారానికీ బతకడానికి కనీసం ఇంతమంది కొనుగోలుదారులు కావాలి. ప్రతి వస్తువు కోసమూ జనం ఇంత దూరమే వస్తారు. పాల కోసం వీధి చివరికి, పెళ్లి నగల కోసం నగరం ఆ కొసకు. ఇంటి దగ్గరి బజారు రోజూ అవసరమయ్యే వస్తువుల మీద బతుకుతుంది, అరుదుగా కొనేవాటి కోసం జనం పెద్ద కేంద్రానికి వెళతారు. ఒక పేటలో ఇళ్ల సంఖ్య మారకపోయినా ఇంటికి మనుషులు తగ్గితే, అంటే అయిదుగురు ఉండే ఇంట్లో ఇద్దరే మిగిలితే, ఆ కనీస సంఖ్య కింద పడిపోయే దుకాణాలు కొన్ని ఉంటాయి. కొత్త ఇళ్లు కట్టారు కదా, బజారుకు గిరాకీ ఎందుకు తగ్గింది అని అడిగేవాళ్లకు నేను ముందు చూపించేది ఈ లెక్కే.

రెండోది ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్ 1929లో రాసిన లెక్క. ఒక తిన్నని వీధిలో ఒకే వస్తువు అమ్మే ఇద్దరు ఎదుటివాడి గిరాకీ లాక్కోవాలని జరుగుతూ జరుగుతూ చివరికి నడి మధ్యలో పక్కపక్కనే చేరతారని దాని సారాంశం. ఒకే రకం దుకాణాలు ఒకేచోట ఎందుకుంటాయో అందరూ దీంతోనే వివరిస్తారు. నా అనుభవంలో అసలు కారణం వేరు. చెప్పులో, బట్టలో, ఫర్నిచరో కొనేవాడు నాలుగు చోట్ల చూసి బేరం చేయాలనుకుంటాడు. పది దుకాణాలున్న వీధికి పోతే ఏదో ఒకటి దొరుకుతుందనే ధీమా ఉంటుంది. ఆ ధీమాయే ఆ వీధి ఆస్తి. అందుకే ఒకే సరుకుకు పేరుపడ్డ వీధులు మామూలు పేట బజార్ల కంటే మొండిగా బతుకుతాయి. వాటిలో ఒక దుకాణం పోతే అదే సరుకు అమ్మే ఇంకొకడు వస్తాడు. కానీ అలాంటి వీధిలోనూ దుకాణాలు ఒక సంఖ్య కంటే తగ్గితే ధీమా పోతుంది, ఆ తర్వాత పతనం చాలా వేగంగా ఉంటుంది.

కట్టడం సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ నేను ముందు చూసేది అదే. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచాడు. కొనేవాళ్లే బుట్ట పట్టుకుని లోపల తిరుగుతూ సరుకు తీసుకునే పద్ధతిని జనంలోకి తెచ్చింది అది. అంతకుముందు కౌంటర్ అవతల దుకాణదారు, ఇవతల కొనేవాళ్లు ఉండేవారు, దానికి పది అడుగుల వెడల్పు మలిగె చాలు. జనమే లోపల తిరగాలంటే చోటు కావాలి. సరుకు దించే లారీకి వెనక దారి కావాలి. పాత వీధుల్లోని ఇరుకు మలిగెలు ఇందుకు పనికిరావు. అప్పుడు రెండే దారులు: నాలుగు మలిగెల మధ్య గోడలు కొట్టేసి ఒకటి చేయడం, లేదా ఆ వ్యాపారం వేరే చోటికి పోవడం.

నాలుగు కలిపి ఒకటి చేసినప్పుడు ఏం పోతుందో కాగితం మీద కనిపించదు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి 100 మీటర్లు దాటడానికి 72 సెకన్లు పడుతుంది. ఆ దూరంలో 20 గుమ్మాలుంటే నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున కొత్తది కంటపడుతుంది. అయిదే ఉంటే పద్నాలుగు సెకన్లకు ఒకటి. ఒకే బ్యాంకు ఆ పొడవంతా ఆక్రమించి అద్దాలకు స్టిక్కర్లు అంటించిందనుకోండి, నడిచేవాడికి అక్కడ చూడడానికి ఏమీ లేదు. వేగం పెంచి దాటిపోతాడు, లేదా ఎదురుగా ఉన్న పక్కకు మారతాడు. ఆ బ్యాంకుకు అవతల ఉన్న దుకాణానికి గిరాకీ తగ్గుతుంది, ఎందుకు తగ్గిందో ఆ దుకాణదారుకు ఎప్పటికీ అర్థం కాదు. సరుకు మార్చి చూస్తాడు, డిస్కౌంట్ బోర్డు పెట్టి చూస్తాడు. లోపం అతని దుకాణంలో లేదు, పక్క గోడలో ఉంది.

పాత కట్టడాల గురించి, నగరాల మీద రాసిన అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే గట్టి మాట చెప్పారు. కొత్త భవనం కట్టిన ఖర్చు రాబట్టుకోవాలంటే ఎక్కువ అద్దె తప్పదు, ఆ అద్దెను నిలదొక్కుకున్న వ్యాపారాలే కట్టగలవు, కాబట్టి ఇంకా నిలదొక్కుకోని కొత్త ఆలోచనలకు పాత కట్టడాలే ఆశ్రయం అన్నది ఆ వాదన. ఇది ఇప్పటికీ నిజం. వీధి మొత్తాన్ని ఒకేసారి పడగొట్టి కొత్తగా కట్టిన చోట కొత్త రకం దుకాణం పుట్టడం నేను దాదాపు చూడలేదు. ఎక్కడో ఇప్పటికే నడుస్తున్న దుకాణాల శాఖలే వస్తాయి.

పైకి పోయే బజారు కూడా ఒక్కోసారి ఆ పైకి పోవడం వల్లే చెడుతుంది. పాత శ్రామిక పేటల్లోకి డబ్బున్నవాళ్లు వచ్చి చేరడాన్ని లండన్‌లో గమనించి, 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త దానికి జెంట్రిఫికేషన్ అని ఒక పేరు కూడా పెట్టారు. ఇళ్లలో జరిగేది బజారులో కాస్త ఆలస్యంగా, కానీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మొదట చవక అద్దె చూసి చిన్న కాఫీ షాపో, చేతిపని వస్తువులు అమ్మేవాళ్లో వస్తారు. వీధికి పేరు వస్తుంది. పేరు చూసి బ్రాండ్లు వస్తాయి. కొన్ని బ్రాండ్లకు అక్కడ లాభం రావాల్సిన పని కూడా లేదు, బోర్డు కనబడితే చాలు, ఆ ఖర్చు ప్రకటనల ఖాతాలో రాసుకుంటాయి. మొదట వచ్చినవాళ్లు ఆ అద్దెతో పోటీపడలేరు. న్యూయార్క్‌లోని బ్లీకర్ స్ట్రీట్ దీనికి అందరూ చూపే ఉదాహరణ. 2000ల మొదట్లో పెద్ద ఫ్యాషన్ బ్రాండ్లు వరసకట్టాయి, 2010ల మధ్యకల్లా అదే వీధిలో ఖాళీ మలిగెలు వరసకట్టాయి.

అద్దె తగ్గించి ఇవ్వొచ్చు కదా, ఖాళీగా ఎందుకు పెడతారు అని అందరూ అడుగుతారు. ఇది మామూలు బుద్ధికి అందని విషయమే. అద్దె భవనం విలువను అది తెచ్చే అద్దెను బట్టే కడతారు. తక్కువ అద్దెకు అయిదేళ్లకో పదేళ్లకో రాసిస్తే ఆ రోజు నుంచే కాగితం మీద భవనం విలువ పడిపోతుంది. దాని మీద బ్యాంకు అప్పు ఉంటే ఇబ్బంది ఇంకా పెద్దది. ఖాళీగా ఉంచితే మాత్రం, "మంచి పార్టీ కోసం చూస్తున్నాం" అని పాత విలువే చెప్పుకోవచ్చు. ఒక్క మలిగె ఉన్న యజమాని నాలుగు నెలల్లో దిగివస్తాడు, అతనికి ఆ అద్దెతోనే ఇల్లు గడవాలి. వంద మలిగెలున్న సంస్థ ఏళ్ల తరబడి ఆగగలదు. కాబట్టి వీధిలో మలిగెలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది, అంటే చాలామంది చిన్న యజమానులా, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లా అన్నది, ఏ దుకాణాలున్నాయన్న దానికంటే ముఖ్యం.

కిందికి పోయే బజారు దారి వేరు. అక్కడ సాధారణంగా ఒక మూలస్తంభం కదులుతుంది: సినిమా హాలు, పెద్ద ఆఫీసు, బడి, బస్టాపు. దాని మీద ఆధారపడ్డ చిన్న వ్యాపారాలు ఆరు నెలలు, ఏడాది తట్టుకుని తర్వాత సర్దుకుంటాయి. రవాణాలో వచ్చే మార్పు అన్నిటికంటే గట్టి దెబ్బ, అదీ ఒక్కోసారి ఊహించని వైపు నుంచి తగులుతుంది. టొరంటోలో బ్లూర్ వీధి కింద 1960ల్లో మెట్రో వచ్చింది. మెట్రో వస్తే బజారు వెలుగుతుందనే కదా ఎవరైనా అనుకుంటారు! కానీ అంతవరకు వీధి మీద ట్రామ్‌లో వెళుతూ దుకాణాలు చూసి దిగే జనం ఇప్పుడు నేల కింద నుంచి వెళ్లిపోసాగారు. ఇంకోవైపు మాల్స్ లాగాయి. ఆ వీధి వ్యాపారులు చేసిన పని వల్లే వాళ్ల పేరు నిలిచింది. వీధి బాగు కోసం అక్కడి వ్యాపారాలన్నీ తప్పనిసరిగా చందా కట్టే ఏర్పాటును చట్టబద్ధం చేయించుకున్నారు. 1970లో బ్లూర్ వెస్ట్ విలేజ్‌లో మొదలైన ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. దీపాలు, శుభ్రత, బెంచీలు, పండగ అలంకరణ లాంటి పనులకు ఆ డబ్బు వాడతారు. స్వచ్ఛంద చందాల సంఘాలు నిలవవు, ఎందుకంటే కట్టనివాడికీ అదే దీపం వెలుగుతుంది. తప్పనిసరి చేయడమే అందులో ఉన్న కిటుకు.

మాల్ గురించి రెండు ముక్కలు. పూర్తిగా కప్పుతో, చలికీ ఎండకీ సంబంధం లేకుండా కట్టిన మొదటి మాల్‌గా చెప్పే సౌత్‌డేల్ 1956లో మినియాపోలిస్ పక్కనున్న ఎడీనాలో తెరుచుకుంది. రూపకర్త విక్టర్ గ్రూయెన్ వియన్నావాడు. చుట్టూ ఇళ్లు, బడులు, ఆసుపత్రి ఉండే ఒక ఊరి నడిబొడ్డుగా దాన్ని ఊహించాడు. తర్వాత ఎక్కడ చూసినా మిగిలింది దుకాణాల పెట్టె, దాని చుట్టూ పార్కింగ్ సముద్రం. తన ఆలోచనకు పట్టిన గతిని ఆయనే తర్వాత తీవ్రంగా విమర్శించాడు. మాల్‌కూ వీధికీ అసలు తేడా ఏసీలో లేదు. మాల్‌కు యజమాని ఒక్కడే. జనాన్ని రప్పించే పెద్ద దుకాణానికి తక్కువ అద్దె, ఆ జనం మీద బతికే చిన్న దుకాణాలకు ఎక్కువ అద్దె వేసి మొత్తం మీద లాభం చూసుకోగలడు. వీధిలో ఏ యజమాని లెక్క వాడిది. అందరికీ మేలు చేసే పుస్తకాల షాపుకు అద్దె తగ్గించడానికి పక్క మలిగె యజమాని ఒక్క పైసా ఇవ్వడు.

ప్రభుత్వాలు అడ్డుకోలేవా అంటే, ప్రయత్నించాయి. చిన్న దుకాణాలను కాపాడాలని ఫ్రాన్స్ 1973లో చట్టం చేసి ఒక పరిమాణం దాటిన దుకాణాలకు ప్రత్యేక అనుమతి తప్పనిసరి చేసింది. అప్పటికే ఉన్న పెద్ద స్టోర్లకు కొత్త పోటీ తగ్గింది, వాటి విలువ పెరిగింది. చట్టం ఎవరి కోసం తెచ్చారో వాళ్లకంటే ఎవరికి వ్యతిరేకంగా తెచ్చారో వాళ్లకే ఎక్కువ ఉపయోగపడింది. జపాన్ కూడా అదే ఏడాది పెద్ద దుకాణాల చట్టం చేసి, 2000లో దాని స్థానంలో వేరే చట్టం తెచ్చింది. అయినా అక్కడి చిన్న పట్టణాల్లో షట్టర్లు దించేసిన బజారు వీధులు ఇప్పటికీ పెద్ద సమస్యే, ఎందుకంటే దుకాణదారులూ కొనేవాళ్లూ ఒకేసారి ముసలివాళ్లయ్యారు. పారిస్ పద్ధతి నాకు వీటన్నిటికంటే నచ్చుతుంది. 2004 నుంచి నగరానికి చెందిన సంస్థ ఒకటి ఖాళీ అయిన కింది అంతస్తు మలిగెలను కొని, పేటకు అవసరమైన వ్యాపారాలకు, పుస్తకాల షాపులతో సహా, అద్దెకు ఇస్తూ వచ్చింది. చదవడానికి ఇది ఖరీదైన పనిగా ఉంటుంది, ఖరీదైనదే. కానీ బజారు మారేది మలిగె ఖాళీ అయిన క్షణంలో అని ఒప్పుకున్నాక, ఆ క్షణంలో చెయ్యి పెట్టే పద్ధతికే ఫలితం ఉంటుంది.

రెండో ప్రశ్నకు వస్తాను. ముందే కనిపెట్టవచ్చు, కాకపోతే చాలామంది తప్పు గుర్తులు చూస్తారు. దుకాణాలు మారుతున్నాయంటే వీధి పడిపోతోందని అర్థం కాదు. ఎన్ని మారాయన్న దానికంటే ఒకటి ఖాళీ అయ్యాక ఇంకొకటి రావడానికి ఎన్నాళ్లు పట్టిందో చూడండి. ఆ వ్యవధి ఏడాదికేడాది పెరుగుతూ ఉంటే వీధికి బాగోలేదు. మూలమీది మలిగె ఖాళీగా ఉంటే మరీ గమనించాలి, ఎందుకంటే అది అందరికంటే ముందు పోవాల్సిన సరుకు. కిందికి జారే వీధి చివరల నుంచి మధ్యకు చస్తూ వస్తుంది, కాబట్టి నడిబొడ్డున నిలబడి అంతా బాగుందనుకుంటే మోసపోతారు. నెలవారీ అద్దెకు దిగే క్లియరెన్స్ సేల్ దుకాణాలు, బోర్డుకు బదులు ఫ్లెక్సీ కట్టుకుని నడిచేవి ఎక్కువైతే, యజమానులు పెద్ద ఒప్పందాల ఆశ వదులుకున్నారని తెలుస్తుంది. కింది అంతస్తులు ఆఫీసులుగా, గోదాములుగా మారడం ఇంకా గట్టి గుర్తు, అవి మళ్లీ దుకాణాలు కావడం అరుదు. మొదటి అంతస్తు వైపు కూడా తల ఎత్తి చూడండి. పైన డాక్టర్లు, ట్యూషన్లు, కుట్టు పనివాళ్లు కిక్కిరిసి ఉంటే కింద ఎన్ని బోర్డులు మారినా భయం లేదు, రోజూ మెట్లెక్కి దిగే జనం ఉన్నారు.

జనాన్ని లెక్కపెట్టేటప్పుడు సాయంత్రం మాత్రమే చూడకండి. ఉదయం పదకొండుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి ఎనిమిదికి, మామూలు రోజున ఒకసారి, సెలవు రోజున ఒకసారి నిలబడండి. వెళ్లేవాళ్లలో చేతిలో సంచీ ఉన్నవాళ్లెందరో విడిగా రాసుకోండి. జనం కిటకిటలాడుతూ సంచులు లేకపోతే అది బజారు కాదు, దారి. అలాంటి చోట దుకాణం పెట్టి నష్టపోయినవాళ్లు చాలామంది.

ఇక నడక వీధి. 1962లో కోపెన్‌హాగెన్ తన ముఖ్య బజారు వీధి స్ట్రోయెట్‌లో కార్లను ఆపేసింది. వ్యాపారులు మునిగిపోతామన్నారు, మునగలేదు. కానీ అంతకంటే ముందే, 1959లో, అమెరికాలోని కలమజూ నగరం ఇదే పని చేసింది. దాన్ని చూసి అక్కడ వందకు పైగా నగరాలు అనుసరించాయి. చాలావరకు విఫలమై మళ్లీ వాహనాలకు తెరిచారు. కలమజూ 1998లో, 1964లో మొదలుపెట్టిన ఫ్రెస్నో 2017లో. ఒకే మందు రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేయడానికి కారణం వీధి బయట ఉంది. కోపెన్‌హాగెన్‌లో బజారు చుట్టూ జనం నివసిస్తున్నారు, నడిచో సైకిల్ మీదో బస్సులోనో వస్తారు. పైగా నగరం ఒక్కసారిగా చేయలేదు. సుమారు 16 వేల చదరపు మీటర్లతో మొదలైన నడక ప్రాంతం 2000 నాటికి లక్ష చదరపు మీటర్ల దాకా పెరిగింది, పార్కింగ్‌ను కూడా ఏటా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. అమెరికా నగరాల్లో నడిబొడ్డున ఇళ్లే లేవు. కారులో వచ్చేవాళ్లు అప్పటికే శివారు మాల్స్‌కు అలవాటు పడ్డారు. కార్లు ఆపితే మిగిలింది ఖాళీ వీధి. అక్కడ కూడా బౌల్డర్, బర్లింగ్టన్ లాంటి విశ్వవిద్యాలయ పట్టణాల్లో మాత్రం ఇవి బాగానే నడుస్తున్నాయి, ఎందుకంటే నడిచి వచ్చే కుర్రకారు పక్కనే ఉన్నారు.

కాబట్టి మీ వీధిలో ఈ ప్రతిపాదన ఉంటే, వాదనకు దిగే ముందు కొనేవాళ్లు ఎలా వస్తున్నారో లెక్క తీయించండి. దుకాణదారుల అంచనాను మాత్రం నమ్మొద్దు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక బజారు వీధి మీద చేసి 2006లో ప్రచురించిన సర్వేలో వ్యాపారులు తమ గిరాకీలో 41 శాతం కార్లలో వస్తున్నారని చెప్పారు. కొనేవాళ్లనే అడిగితే అది 22 శాతమని తేలింది. వ్యాపారులు అబద్ధమాడలేదు. కారులో వచ్చినవాడు పార్కింగ్ దొరకలేదని ప్రతిసారీ కౌంటర్ దగ్గర గొణుగుతాడు, నడిచి వచ్చినవాడు ఏమీ అనకుండా కొనుక్కుని పోతాడు. దుకాణదారుకు గుర్తుండేది ఆ గొణుగుడే. సర్వేలో నడిచి, బస్సులో వచ్చేవాళ్లు సగానికి మించి ఉన్నారని తేలితే ముందు సెలవు రోజుల్లో మాత్రమే వాహనాలు ఆపి కొన్ని నెలలు చూడండి. సరుకు బండ్లకు తెల్లవారుజామున దారి వదలండి. కారులో వచ్చేవాళ్లే ఎక్కువని తేలితే మాత్రం కార్ల జోలికి పోకుండా, పేవ్‌మెంట్ వెడల్పు చేయడంతో ఆపేయండి.